డబ్బా పెట్టే చోటు

మా తోడికోడలిని బస్టాండు దగ్గర అందరూ ఆమ్లెట్ అక్క అంటారు. ఆమెకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలుస్తారు, ఆమె ఏమీ అనుకోదు. నాకు మాత్రం వరసకే కాదు, మనసుకి కూడా అక్కే. నేను కాపురానికొచ్చిన కొత్తలో మా అత్తగారు ఆమె గురించి "రోడ్డున నిలబడి గుడ్లు కొట్టే కోడలు" అని చాటుగా మూతి విరిచేది. ఆ గుడ్లు కొట్టిన డబ్బుతోనే ఇంట్లోకి సరుకులు వచ్చేవి. ఆ మాట నేను అత్తగారి ముఖం మీదే అనేశాను. అప్పట్నుంచి ఇంట్లో నాకు నోటిదురుసుదన్న పేరు స్థిరపడిపోయింది. అబద్ధమేమీ కాదు. ఆ నోరు ఒకనాడు అక్కకి ఏం చేసిందో కూడా ఇందులో ఉంది. ఆ చోటు వచ్చినప్పుడు చెబుతాను.

బస్టాండు బయట, టికెట్ల కిటికీకి ఎదురుగా ఆమె బండి. రెండు పెనాలు, ఎడమచేతి వైపు గుడ్ల ట్రేలు, కుడిచేతి వైపు బ్రెడ్డు, కింద గ్యాస్ సిలిండరు. రెండు గుడ్లు, కాసిని ఉల్లిపాయ ముక్కలు, ఉప్పు, మిరియాల పొడి, రెండు బ్రెడ్డు ముక్కలు. ఇరవై ఏడేళ్లుగా అదొక్కటే అమ్ముతోంది. ఇంకో రకం ఏదైనా పెట్టరాదా అని ఎవరైనా ఉచిత సలహా ఇస్తే, ముందు ఇది బాగా రానివ్వండి, తర్వాత చూద్దాం అంటుంది.

బండి ముందు అంచున, కొనేవాళ్ల వైపు, మూత లేని పాలపొడి డబ్బా ఒకటి ఉండేది. డబ్బులు అందులో వేసి చిల్లర వాళ్లే తీసుకోవాలి. అక్క డబ్బు ముట్టుకునేది కాదు. బండి పెట్టిన మొదటి వారంలో సొన అంటిన చేత్తో నోటు అందుకుని, అదే చేత్తో బ్రెడ్డు తీస్తే, ఒక ముసలావిడ ప్లేటు అక్కడే వదిలేసి వెళ్లిపోయిందట. ఆ సాయంత్రమే డబ్బా అటువైపు జరిగింది. తిండి ముట్టుకునే చేయి తిండే ముట్టుకోవాలన్నది ఆమె పట్టుదల. అలా వదిలేస్తే ఊడ్చుకుపోరా అని మొదట్లో నేను గోల పెట్టాను. ఆమె చూపు పెనం మీద ఉన్నా చెవి డబ్బా దగ్గరే ఉంటుందని తర్వాత తెలిసింది. ఏ నాణెం పడిందో చప్పుడును బట్టి చెప్పేసేది. ఒకసారి ఒకడు డబ్బాలో చొక్కా గుండీ వేశాడు. అక్క తల ఎత్తకుండానే, "నాయనా, ఆ గుండీ తీసుకెళ్లి చొక్కాకి కుట్టించుకో, చలికాలం వస్తోంది" అంది. చుట్టూ ఉన్నవాళ్లంతా ఘొల్లుమన్నారు. వాడు చెవులదాకా ఎర్రబడి, డబ్బు వేసి, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆమె దగ్గరే తిన్నాడు.

సాయంత్రం డబ్బా బోర్లిస్తే ఒకరోజు కాస్త తక్కువ, ఒకరోజు కాస్త ఎక్కువ వచ్చేది. ఎక్కువ వచ్చిన రోజులే ఎక్కువ. చిల్లర తీసుకోకుండా వెళ్లిపోయేవాళ్లు కొందరుండేవారు. జనం మంచివాళ్లేనని, మనమే ఊరికే అనుమానపడతామని అక్క ఆ డబ్బా చూపించి నాకు పాఠం చెప్పేది. నాకు నమ్మకం కుదరలేదు కానీ, ఆమె ముఖం చూస్తే కాదనబుద్ధి అయ్యేది కాదు.

ఇరవై ఏడేళ్లు నిలబడితే కాళ్లు ఊరుకోవు. పిక్కల మీద నరాలు ఉబ్బి ముడులు పడ్డాయి. ఎడమకాలి చీలమండ పైన చిన్న పుండు లేచి, మూడేళ్లయినా మానలేదు. పొద్దున వేసిన కట్టు సాయంత్రానికి తడిసిపోయేది. డాక్టరు ఆమెకి నచ్చజెప్పాడు, తిట్టాడు, చివరికి నన్ను పక్కకి పిలిచాడు. ఇలాగే ఎండనకా వాననకా నిలబడితే ఏడాది తిరిగేలోగా ఆ కాలు తీసేయాల్సి వస్తుందని, కూర్చుని చేసుకునే ఏర్పాటు ఏదో చూడమని చెప్పాడు. కూర్చుని గుడ్డు కొడితే పెనం ఎవరు తిప్పుతారని అక్క నవ్వేసింది. నవ్విందే కానీ, ఆ రాత్రంతా నిద్రపోలేదని మర్నాడు బావగారు చెప్పాడు.

అదే నెలలో బండి వెనకే, బస్టాండు గోడని ఆనుకుని ఉన్న షట్టరు గది ఖాళీ అయింది. అంతకుముందు అందులో గడియారాలు బాగుచేసే ఆయన ఉండేవాడు. నాలుగడుగులు వేస్తే గోడ తగిలేంత గది. కానీ పైన కప్పుంది, లోపల కుళాయి ఉంది, పెనం పక్కన ఎత్తు స్టూలు వేసుకోవడానికి చోటుంది. అక్క రోజూ ఇంటికెళ్లేముందు షట్టరు సందులోంచి లోపలికి చూసేది. స్టూలు ఎక్కడ, పొయ్యి ఎక్కడ, డబ్బా ఎక్కడ, అన్నీ అనుకుని పెట్టుకుంది. యజమాని అడిగిన అడ్వాన్సులో సగం ఆమె దగ్గరుంది. నెలాఖరులోగా మొత్తం చేతిలో పెట్టకపోతే ఫోను కవర్లమ్మే అతనికి ఇచ్చేస్తానని యజమాని ముందే చెప్పేశాడు.

మిగతా సగం మ్యూజిక్ ఫెస్టివల్లో వస్తుందని అక్క ధీమా. ఊరి చివర పెద్ద మైదానంలో ఏటా రెండు రోజులు జరుగుతుంది. ఎక్కడెక్కడి నుంచో కుర్రకారు వస్తారు, పొద్దుటి నుంచి గెంతుతారు, గెంతినవాళ్లకి ఆకలేస్తుంది. గత రెండేళ్లూ డబ్బా నిండితే గిన్నెలో పోసి, మళ్లీ నింపింది. ఈసారి స్టాలు అద్దె రెట్టింపు చేసినా, దాచిన సగంలోంచే తీసి కట్టేసింది.

అద్దె కట్టిన కాగితంలో కొత్త సంగతి ఒకటి ఉంది. ఈ ఏడాది అంతా క్యాష్‌లెస్. లోపల నోటు గానీ చిల్లర గానీ చెల్లదు. వచ్చేవాళ్లు గేటు దగ్గర డబ్బు కడితే చేతికొక బ్యాండు తొడుగుతారు. ఏం కొన్నా ఆ బ్యాండును దుకాణంవాళ్ల మెషీన్‌కి తాకించాలి. కంపెనీ తన వాటా కోసుకుని మిగతాది వారంలో బ్యాంకులో వేస్తుంది. ఇదంతా నేనే చదివి వినిపించాను, అక్కకి అంకెలు తప్ప చదువు రాదు. మా బావగారు కోల్డ్ స్టోరేజీలో వాచ్‌మన్, రోజుకి మూడు మాటలు మాట్లాడితే గొప్ప. "కంటికి కనబడని డబ్బేంటి?" అన్నాడు. ఆ రోజు కోటా అక్కడితో అయిపోయింది.

ఆయన నోరు మూయించింది నేనే. ఇంట్లో కూర్చుని బట్టలు కుట్టుకునే దాన్ని, నాకేదో లోకమంతా తెలిసినట్టు, కాలం మారిందని, చిల్లర గొడవ తప్పుతుందని, దొంగల భయముండదని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. అక్క నా మాట మీద తలూపింది.

శుక్రవారం మధ్యాహ్నం దుకాణాలవాళ్లందరికీ మెషీన్లు ఇచ్చి, వాడకం నేర్పారు. మైదానం ఆ చివర ఎండలో నిలబడాలి. అక్క కాలు సహకరించదని నేను వెళ్లాను. మెడలో కార్డు వేసుకున్న ఒకతను మైకులో చెబుతున్నాడు. మాది ఒకటే వస్తువు కాబట్టి ధర ముందే ఎక్కించి ఇచ్చారు. ప్లేటుకొకసారి ఆకుపచ్చ బటన్ నొక్కాలి, ఆ తర్వాత బ్యాండు తాకించాలి, రెండు కూతలు వినబడితే డబ్బు పడ్డట్టు. ఒక్క కూతే వస్తే ఏమిటని వెనక ఎవరో అడుగుతున్నారు. అప్పుడే మా స్టాలు దగ్గర గుడ్ల వ్యాను ఆగడం కనబడింది. ట్రేలు దించేటప్పుడు పక్కనుండకపోతే నాలుగు పగలగొట్టి పోతారని నేను జవాబు వినకుండా వచ్చేశాను.

శనివారం పొద్దున్నే బండి తెచ్చి స్టాల్లో నిలబెట్టాం. పదకొండు గంటలకి గేట్లు తెరిచారు. మొదటి గంట బాగానే గడిచింది. అక్క పెనాల దగ్గర, నేను మెషీన్ దగ్గర. బటన్ నొక్కడం, బ్యాండు తాకించడం, రెండు కూతలు. మధ్యాహ్నానికి స్టేజి మీద డ్రమ్ములు మొదలయ్యాయి. పక్క మనిషి మాట వినాలంటే నోటి కదలిక చూడాల్సి వచ్చింది. జనం పెరిగారు. ఉల్లిపాయలు అయిపోయాయి, నేను తరగడానికి కూర్చున్నాను, ఆ తర్వాత గుడ్లు కొట్టి కలిపే పని కూడా నా మీదే పడింది. సొన చేతులతో మెషీన్ పట్టుకోబోతే అక్క నా చేయి తోసేసింది.

"ఆ చేత్తో అది ముట్టుకోకు. వాళ్లే తాకించుకుంటారులే" అంది.

మెషీన్ తీసుకెళ్లి బండి ముందు అంచున, డబ్బా పెట్టే చోట పెట్టింది. ఇరవై ఏడేళ్ల అలవాటు. నాకు ఒక్క క్షణం అనుమానం తగిలింది, బటన్ సంగతి అన్నాను కూడా. అంతలో ఒక కుర్రాడు బ్యాండు తాకించాడు. మెషీన్ వెలిగింది, దాని మీద ఏదో అంకె కనబడింది, అతను ఆ అంకె చూసుకుని ప్లేటు పట్టుకుని వెళ్లిపోయాడు. కూత వచ్చిందా అని అక్క సైగ చేసింది. వచ్చిందన్నాను. ఆ డ్రమ్ముల మోతలో ఒకటో రెండో ఎవరు లెక్కపెట్టారు? ధర ముందే ఎక్కించి ఉంది కదా, ఇక బటన్ అక్కర్లేదేమో అనుకున్నాను. పని తగ్గుతుందంటే బుద్ధి ఎంత తొందరగా ఒప్పుకుంటుందో.

మూడింటికి ఒక కళ్లజోడు పెద్దమనిషి ప్లేటు చేతిలో పట్టుకునే వెనక్కి వచ్చాడు. క్యూ పక్కనుంచి నా దగ్గరికి వంగి, తన బ్యాండులో డబ్బు తగ్గలేదని, మెషీన్ ఒకసారి చూసుకోమని అన్నాడు. వెనక పదిహేనుమంది ఉన్నారు. కళ్లలో ఉల్లిపాయ మంట, నెత్తిన ఎండ. మెషీన్ పని మెషీన్ చేస్తుంది, మీరు జరగండి అన్నాను. ఆయన జరగలేదు.

"కాదమ్మా, నష్టం మీకే..."

"మా నష్టం మేం చూసుకుంటాం. మీరు ముందు దారి వదలండి."

ఆయన ముఖం చిన్నబోయింది. ప్లేటు పట్టుకుని వెళ్లిపోయాడు. ఎవరే ఆయన అని అక్క అడిగితే, ఎవరో చాదస్తం మనిషిలే అని చెప్పాను. నా నోటి సంగతి ఆ చోటు వచ్చినప్పుడు చెబుతానన్నాను కదా, ఇదే ఆ చోటు.

ఆదివారం గేట్లు తెరవగానే జనం సరాసరి మా స్టాలుకే వచ్చారు. పక్కన నిమ్మరసం ఆయన ఈగలు తోలుకుంటున్నాడు, అటుపక్క ఐస్‌క్రీమ్ వాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు, మా క్యూ మాత్రం నీళ్ల ట్యాంకరు దాటి వెళ్లింది. ఒక్కొక్కరు మూడు, నాలుగు ప్లేట్లు పట్టుకెళ్లారు. నవ్వుకుంటూ వచ్చారు, ఫోటోలు తీసుకున్నారు, వెళ్లి ఇంకో నలుగురిని తీసుకొచ్చారు. మధ్యాహ్నానికి గుడ్లు నిండుకుంటే బావగారు డ్యూటీ మానుకుని, షావుకారు దగ్గర, ముందువాటిలాగే అప్పు మీద, ఇంకో ఇరవై ట్రేలు వేసుకొచ్చాడు.

అక్కని అలా నేనెప్పుడూ చూడలేదు. చెమటతో తడిసి ముద్దయినా ముఖం వెలిగిపోతోంది. కట్టు మీద ఎర్రటి మరక పైకి తేలింది, చెప్పులోకి కారుతోంది, కాసేపు కూర్చోమంటే వినదు. ఎదురుగా అంతమంది నిలబడి ఉంటే నేను కూర్చోనా అంది. మధ్యమధ్యలో ఎవరినో ఒకరిని ఉప్పు సరిపోయిందా అని అడిగేది. డ్రమ్ముల మోతలో వాళ్లకి వినబడేది కాదు, బొటనవేలు పైకెత్తి చూపేవాళ్లు. అది చాలు ఆమెకి. సాయంత్రం ఆఖరి ట్రే ఖాళీ అయ్యాక, పేర్చిన ఖాళీ ట్రేల మీద చేయి వేసి, "చిన్నదానా, నా చేతి వంట ఇంతమందికి నచ్చుతుందని నాకే తెలియదే" అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ తిరిగాయి, ఉల్లిపాయల మీదికి నెట్టేశాను.

మొత్తం అరవై ట్రేలు, పద్దెనిమిది వందల గుడ్లు. తొమ్మిది వందల ప్లేట్లు. గది అడ్వాన్సు పోగా స్టూలుకీ ఫ్యానుకీ కూడా మిగులుతుందని ఇంటికి వస్తూ వ్యానులోనే తేల్చేసుకుంది. స్టూలుకి వీపు ఆనించుకునేది ఉంటే బాగుంటుందంది. అప్పటిదాకా ఆమె తన కోసం ఏదీ కావాలని అడగ్గా నేను వినలేదు.

సోమవారం పొద్దున మెషీన్ తిరిగి ఇవ్వడానికి ఇద్దరం వెళ్లాం. మైదానం అంచున ఇనప కంటెయినరులో ఆఫీసు. లోపల ఏసీ, ఒక బల్ల, బల్ల వెనక కంప్యూటరు ముందు ఒకమ్మాయి. మెషీన్‌ని తీగకి తగిలించి, తెర చూసి, కళ్లు నులుముకుని మళ్లీ చూసింది.

"మీవి నలభై ఒక్క ప్లేట్లు కదండీ?" అంది.

ఏ మెషీన్ చూస్తున్నావమ్మా అని నేను నవ్వాను. ఆ అమ్మాయి నవ్వలేదు. తెర నా వైపు తిప్పింది. శనివారం మొదటి గంటలో నలభై ఒక్క అమ్మకాలు. ఆ తర్వాత ఆదివారం సాయంత్రం దాకా ఒక్కటి కూడా లేదు. కింద పొడుగ్గా ఇంకో జాబితా ఉంది. అది అమ్మకాల జాబితా కాదంది. బటన్ నొక్కకుండా బ్యాండు తాకిస్తే, అందులో ఎంత ఉందో మాత్రమే చూపించి, ఒక్క కూత కూస్తుందట. డబ్బు కదలదట. ఎనిమిది వందల పైచిలుకు సార్లు మా మెషీన్ అదే పని చేసింది.

నా నోరు ఊరుకోలేదు. దొంగలన్నాను, మాకు సరిగ్గా చెప్పలేదన్నాను, పై వాళ్లని పిలవమన్నాను. ఆ అమ్మాయి నా సంతకం ఉన్న కాగితం తీసి చూపించింది. వాడకం నేర్చుకున్నట్టు శుక్రవారం నేను పెట్టిన సంతకం. ఆ పిల్ల తప్పేమీ లేదు, గొంతు కూడా పెంచలేదు, అందుకే నాకు ఒళ్లు ఇంకా మండింది. నలభై ఒక్క ప్లేట్ల డబ్బులో కంపెనీ వాటా, మెషీన్ అద్దె, కరెంటు ఖర్చు పోతే మాకు వచ్చేది ఏమీ లేదు. మేమే ఇంకా కొంత కట్టాలట. అది వదిలేయమని పైవాళ్లని అడుగుతానంది, ఏదో దయ చూపిస్తున్నట్టు కాదు, నిజంగా బాధపడుతూనే అంది.

అక్క చివరికి ఒక్కటే అడిగింది.

"అయితే ఆ డబ్బంతా ఎక్కడుందమ్మా?"

"వాళ్ల బ్యాండుల్లోనే ఉండిపోయిందండీ. మిగిలింది అడిగినవాళ్లకి తిరిగి ఇచ్చేస్తారు."

ఎవరి బ్యాండో కనుక్కోలేమా అని నేను అడిగాను. పేర్లు చెప్పకూడదంటూనే ఆ అమ్మాయి జాబితా కిందికి జరిపింది. అప్పుడు నేను చూశాను. అవే నంబర్లు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ఒకటి నాలుగుసార్లు, ఒకటి ఏడుసార్లు, ఒకటి పదకొండుసార్లు. డబ్బు తగ్గడం లేదని శనివారం సాయంత్రానికే వాళ్లకి తెలిసిపోయింది. ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆదివారం నాటి క్యూ అదీ. ఆ అమ్మాయికి కూడా అర్థమైంది, ఏదో అనబోయింది. అక్క వెనక నిలబడి నేను వద్దని తల ఆడించాను. ఆ పిల్ల తెర తనవైపు తిప్పేసుకుంది.

దారిలో అక్క, పాపం వాళ్లకి మాత్రం ఏం తెలుసు అంది. కూత వచ్చింది కాబట్టి డబ్బు వెళ్లిందనే అనుకుని ఉంటారంది. తెలిస్తే ఒక్కరైనా వచ్చి చెప్పకపోతారా అంది. ఒక్కరు వచ్చారు. వెళ్లగొట్టింది నేను.

నెలాఖరుకి గది ఫోను కవర్ల అతనికి వెళ్లిపోయింది. గుడ్ల షావుకారు అప్పు కింద బావగారి రెండు నెలల జీతం పోయింది, నేను కుట్టుకూలి కూడబెట్టింది కొంత పోయింది. అక్క మళ్లీ టికెట్ల కిటికీ ఎదురుగా నిలబడింది, డబ్బా మళ్లీ దాని చోటికి వచ్చింది. వెనక షాపులో రంగురంగుల దీపాలు పెట్టారు. ఆ వెలుగు ఆమె వీపు మీద పడేది, ఆమె అటు తిరిగేది కాదు. కాలి కట్టు చీలమండ దాటి పిక్కదాకా పాకింది. డాక్టరు దగ్గరికి రమ్మంటే రేపు, ఎల్లుండి అంటూ వాయిదా వేసేది. నేను కుట్టుపని సగానికి తగ్గించుకుని, మధ్యాహ్నాలు వెళ్లి గుడ్లు కొట్టి ఇచ్చేదాన్ని.

అయినా ఆమెలో ఏదో ఒకటి విరగకుండా మిగిలింది. ఎవరైనా ఆ నష్టం గురించి ఎత్తి అయ్యో అంటే, డబ్బు పోయింది కానీ ఆ క్యూ మీరు చూడాల్సింది, నీళ్ల ట్యాంకరు దాటి నిలబడ్డారు అని చెప్పేది. నేను పక్కనే ఉల్లిపాయలు తరుగుతూ ఉండేదాన్ని. మన చేతిలో రుచి ఉంది, డబ్బుదేముంది మళ్లీ సంపాదించుకోవచ్చు అనేది. రోజుకి ఒక్కసారైనా ఆ క్యూని తలుచుకునేది. ఆ తలపు మీదే ఆమె ఆ కాళ్లతో నిలబడగలుగుతోందని నాకనిపించేది. నిజం చెప్పడానికి నోరు రాలేదు. నాకు, నోరు రాలేదు.

మూడో నెలలో ఒక మధ్యాహ్నం ముగ్గురు కాలేజీ పిల్లలు బస్సు దిగి బండి దగ్గరికి వచ్చారు. ఇద్దరమ్మాయిలు, ఒక అబ్బాయి. ఒకమ్మాయి అక్కని తేరిపార చూసి, స్నేహితుల వైపు తిరిగి, గొప్ప వస్తువు దొరికినట్టు నవ్వింది.

"ఈవిడేరా, మ్యూజిక్ ఫెస్టివల్లో ఫ్రీ ఆమ్లెట్ ఆంటీ!"

అక్క చేతిలో గుడ్డు అలాగే ఆగిపోయింది. ఫ్రీ ఏంటమ్మా అని అడిగింది. ఆ అమ్మాయి సంతోషంగానే చెప్పింది. మెషీన్ డబ్బు తీసుకోవడం లేదని శనివారమే గ్రూపుల్లో మెసేజీలు తిరిగాయని, కంపెనీయే ఊరికే పెట్టిస్తోందేమో అనుకున్నామని, ఆదివారం అందరూ ముందు ఇక్కడికే పరిగెత్తారని. నేను కళ్లతో వారిస్తున్నాను, ఆ పిల్ల నన్ను చూడటంలేదు. అబ్బాయికి మాత్రం ఏదో తట్టి, ఆమె మోచేయి గిల్లాడు.

అక్క గుడ్డు కొట్టి పెనం మీద వేసింది. అట్లకాడతో అంచులు సర్దుతూ, మామూలు గొంతుతో అడిగింది.

"ఆ రోజు ఉప్పు సరిపోయిందా అమ్మా?"

ఆ అమ్మాయి నవ్వు ఆగిపోయింది. స్నేహితుల ముఖాలు చూసింది.

"గుర్తు లేదు ఆంటీ. మేం ఎనిమిది తీసుకున్నాం, అన్ని తినలేక..." అని ఆపేసింది.

అక్క తలూపింది. ముగ్గురికీ మూడు ప్లేట్లు వేసి ఇచ్చింది, రోజూ వేసినట్టే, అంచులు మాడకుండా. వాళ్లు తలొంచుకుని తిన్నారు. వెళ్తూ ఆ అబ్బాయి డబ్బాలో పెద్ద నోటొకటి పెట్టి, చిల్లర తీసుకోకుండా వెళ్లిపోయాడు.

వాళ్ల బస్సు కదిలాక అక్క పొయ్యి తగ్గించి, ఫుట్‌పాత్ అంచున కూర్చుంది. ఇరవై ఏడేళ్లలో పగటిపూట ఆమె అలా కూర్చోవడం ఎవరూ చూడలేదు. టికెట్ల కిటికీలోంచి గుమాస్తా లేచి నిలబడి చూశాడు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"నీకు తెలుసు కదూ" అంది.

"తెలుసక్కా. ఆ ఆఫీసులోనే తెలిసింది."

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే కళ్లజోడు పెద్దమనిషి సంగతి కూడా అప్పుడే కక్కేసేదాన్నేమో. ఇప్పటికీ చెప్పలేదు. ఆమెకి చదవడం రాదు కాబట్టే ఇక్కడ రాయగలుగుతున్నాను, అంతకంటే నాలో గొప్పతనమేమీ లేదు. ఒక్కరైనా వచ్చి చెప్పలేదే అని ఆమె ఇవాళ్టికీ బాధపడుతుంది. వచ్చాడని చెబితే ఆమె బాధ కొంత తీరుతుంది. ఆ తర్వాత నన్ను ఏ కళ్లతో చూస్తుందోనని నా భయం. నా భయం కోసం ఆమె బాధని అలాగే ఉంచేశాను.

మర్నాడు మధ్యాహ్నం నేను వెళ్లేసరికి బండి ముందు అంచు ఖాళీగా ఉంది. పాలపొడి డబ్బా లోపలివైపు, అక్క మోకాలి దగ్గర సిలిండరు పక్కన ఉంది. పైన ఒక ప్లేటు మూత పెట్టి ఉంది. ఉల్లిపాయలు తీసుకుని కూర్చున్నాను.

అంతలో ముసలి కండక్టరు వచ్చాడు. బండి పెట్టిన ఏడాది నుంచీ రోజూ అక్కడే తినే మనిషి. అలవాటుగా జేబులోంచి నాణేలు తీసి, పెనం వైపే చూస్తూ, డబ్బా ఉండే చోట వదిలాడు. అవి చెక్క మీద పడి దొర్లాయి, ఒకటి కింద మురుగులోకి జారిపోయింది. ఆయన వంగి ఖాళీ చెక్కని, ఆ తర్వాత అక్కని చూశాడు. అక్క సొన చేతిని కొంగుకి తుడుచుకుని ముందుకి చాపింది.

"ముందు డబ్బులు చేతికివ్వండి. తర్వాత వేస్తాను" అంది.

ఆయన మురుగులో పడిన నాణెం బదులు ఇంకొకటి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె ఒక్కొక్కటీ లెక్కపెట్టి చూసుకుంది.